మచ్చ ఏ పక్క

పోయిన వారం దొడ్డప్ప రెండో బొమ్మను కూడా కాదన్నాడు. మొదటిదాన్ని చూసి, "ఈమెకు చేను పని తెలీదు" అన్నాడు. రెండోదాన్ని చూసి, "ఈమె నవ్వుతా ఉండాది. నాకు తెలీకుండా ఎవురిని చూసి నవ్వింది?" అన్నాడు. రెండుసార్లూ వేప్పనపల్లి పక్క పల్లె నుంచి సూళగిరికి ఒక బస్సు, అక్కడ నుంచి హోసూరుకు ఇంకో బస్సు ఎక్కి వచ్చి, ఆ ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయాడు. టీ కూడా తాగలేదు.

బొమ్మ ఆయన భార్య మునిలక్ష్మమ్మది. ఆమె తొంభై ఆరులో పోయింది. పదకొండేళ్ళయింది. కొడుకు సుబ్రమణి మత్తిగిరిలో ఇల్లు కట్టాడు. హాల్లో అమ్మ బొమ్మ ఉండాలని అతని కోరిక. ఉన్న ఒక్క ఫోటోనూ అక్కడ తగిలిస్తే ఆ గడప తొక్కనని తండ్రి పంతం. అందుకని ఆ ఫోటోను చూసి కంప్యూటర్‌లో కొత్త బొమ్మ వేయించడానికి సుబ్రమణి మంజు అంగడికి వచ్చాడు.

వేసేది భువన. వయసు ఇరవై రెండు. బస్టాండు వెనక మంజు నడిపే ఫ్లెక్సు అంగడిలో బ్యానర్ల అంచులు మడిచి రింగులు కొట్టే పనికి చేరింది. మధ్యాహ్నం అందరూ తింటున్నప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని మౌసుతో ముఖాలు గీయడం నేర్చుకుంది. నేర్పినవాళ్ళు లేరు. ఎనిమిది నెలలుగా నేర్చుకుంటూనే ఉంది. రెండో బొమ్మ కూడా తిరిగి వచ్చిన రోజు మంజు తేల్చి చెప్పాడు.

"మూడోది ఆ పెద్దాయన ఒప్పుకుంటే ఈ కుర్చీ నీది భువనా. బయట బోర్డు రాయిస్తాను, ఈడ బొమ్మలు వేస్తారని. ఒప్పుకోలేదనుకో, నువ్వు మళ్ళా రింగుల కాడికి పోవాల్సిందే."

మూడో బొమ్మ చూడడానికి దొడ్డప్ప శనివారం పదకొండు గంటలకు వస్తానన్నాడు. ఆయన వస్తానంటే వస్తాడు.

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు, ప్రింటింగ్ మెషిన్ చూసుకునే శరవణన్ కొత్త బొమ్మను బల్ల మీద పరిచాడు. పక్కన అసలు ఫోటో పెట్టాడు. తల గోక్కున్నాడు.

"భువనా, ఫోటోలో మచ్చ ఈ చెంప మీద ఉండాది. నీ బొమ్మలో ఆ చెంపకు పోయింది. నడుచుకుంటా పోయిందా?"

భువన చూసింది. నిజమే.

జరిగింది ఇది. బొమ్మలు నేర్చుకునేవాళ్ళు తమ పని పెట్టి తప్పులు చెప్పించుకునే చోటు ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. భువన అక్కడ మూడో బొమ్మ పెట్టింది. పది మంది జవాబు రాశారు. తొమ్మిది మంది బాగుందన్నారు. ఆ తొమ్మిది మంది వల్ల ఆమెకు ఒరిగింది ఏమీ లేదు. పదో మనిషి ఏ దేశం వాడో తెలియదు. కళ్ళు ఒక మట్టంలో లేవని, చూసి చూసి నీ కంటికి ఆ తప్పు అలవాటైపోయిందని, బొమ్మను అద్దంలో మాదిరి తిప్పి చూస్తే తప్పు బయటపడుతుందని రాశాడు. భువన చదివింది తెలుగు బడిలో. ఇంగ్లీషులో ఉన్న ఆ మూడు వాక్యాలకు డిక్షనరీ పట్టుకుని అరగంట కూర్చుంది.

తిప్పింది. అతను చెప్పింది నిజం. ఒక కన్ను కందిగింజంత కిందికి జారి ఉంది. దవడ ఒక పక్క వాచినట్టుంది. ఇన్నాళ్ళూ తను దీన్నేనా బాగుందనుకున్నది అని సిగ్గుపడింది. మూడు రోజులు కూర్చుని దిద్దింది. తిప్పిన బొమ్మ మీదే దిద్దింది. దాన్ని మళ్ళీ మామూలుగా తిప్పడం మరిచిపోయింది. నిన్న సాయంత్రం అలాగే ప్రింటు తీయించింది.

"ఇప్పుడేం చేస్తావు?" అన్నాడు శరవణన్.

"తిప్పి మళ్ళా తీద్దాం అన్నా. గంటన్నర ఉండాది కదా."

తీశారు. మచ్చ ఫోటోలో ఉన్న పక్కకే వచ్చింది. తప్పు పడిన ప్రింటును చుట్టి భువన బల్ల కిందికి తోసింది. మంజు చూశాడు. ఒక షీటు దండగయినందుకు ముఖం ముడుచుకున్నాడు.

పదకొండుకు దొడ్డప్ప వచ్చాడు. అరవై అయిదేళ్ళ మనిషి. సన్నగా, నిటారుగా ఉంటాడు. వెనక సుబ్రమణి. తండ్రి ముందర అతని ముప్పై నాలుగేళ్ళ వయసు సగమైపోతుంది.

"కూర్చో తాతా" అంది భువన.

"కూర్చోవడానికి రాలేదు. చూపించు."

పరిచి చూపించింది. దొడ్డప్ప వంగి చూశాడు. ఎక్కువ సేపు చూడలేదు.

"ఇది పటం" అన్నాడు.

"పటమే కదా తాతా అడిగినారు."

"మా గోడ మీద ఉండే పటం ఇది. దానికే రంగు పూసి ఇస్తా ఉండావు. దీనికి నువ్వెందుకు?"

మంజు గట్టిగా గాలి వదిలాడు. రింగులు కొట్టే మిషను మూలలో ఉంది. భువన అటు చూడకూడదనుకుంటూనే చూసింది. కన్నీళ్ళు వచ్చేవే. కానీ ఆమెకు ఆ పదో మనిషి గుర్తొచ్చాడు. తప్పు అనేవాడు ఎక్కడ తప్పో కూడా చెప్పాలి.

"యాడ తప్పో చెప్పు తాతా. బాగలేదు అంటే నాకు తెలీదు. యాడ బాగలేదు?"

దొడ్డప్ప ఆమెను మొదటిసారి సరిగ్గా చూశాడు. "చెప్తే నమ్మేదెవురు?" అని కొడుకు వైపు తిరిగాడు.

"మళ్ళా మొదలుపెట్టినావా నాయనా" అన్నాడు సుబ్రమణి. భువనకు చెప్పాడు. "అమ్మకు మచ్చ ఎడమ చెంప మీద ఉండాలంటాడమ్మా. ఫోటోలో చూడు, కుడి చెంప మీద ఉండాది. పదకొండేండ్లుగా ఇదే పాట. ఫోటో అబద్ధం చెప్తుందా? వయసైంది. మరిచిపోయినాడు."

"యాభై నాలుగేండ్లకే వయసైపోయింది నాకు" అన్నాడు దొడ్డప్ప. "ఆమె పోయిన పదకొండో దినమే మరిచిపోయినానంట. పటం చూసి చెప్పినాడు వీడు. వాళ్ళమ్మ ముఖం వీడికి పటం చెప్పల్ల."

"అది కాదు నాయనా..."

"సంతకు బండి తోలేది నేను. మీ అమ్మ యాడ కూర్చునేది?"

"నీ పక్కన."

"ఏ పక్కన?"

సుబ్రమణి ఆలోచించాడు. "కుడి పక్కన."

"అప్పుడు నా వైపు ఉండే చెంప ఏది?"

సుబ్రమణి రెండు చేతులూ ఎత్తి చూసుకున్నాడు. తనే అటు ఒకసారి, ఇటు ఒకసారి తిరిగాడు. తేలలేదు. శరవణన్ వచ్చి మంజు కుడి పక్కన బెంచీ మీద కూర్చుని, ముందుకు చూస్తూ, మంజు వైపు ఉన్న తన చెంపను తట్టుకున్నాడు.

"ఎడమ" అన్నాడు.

"నువ్వు లేచి పోరా, నీ చెంప నేనెందుకు చూడాల" అన్నాడు మంజు.

దొడ్డప్ప నవ్వలేదు. "ఇరవై ఆరేండ్లు ఆ మచ్చ చూస్తా బండి తోలినాను" అన్నాడు. "రోడ్డు ఎద్దులు చూసుకునేవి."

భువనకు బల్ల కింద ఉన్న ప్రింటు చుట్ట కాలికి తగిలింది.

దాన్ని తీయవచ్చు. తీస్తే తను మూడు రోజులు బొమ్మను తిరగేసి పెట్టుకుని పని చేసిన సంగతి అందరికీ తెలుస్తుంది. గిరాకీ ముందర తప్పు ఒప్పుకోవడం మంజుకు నచ్చదు. అప్పుడే కనుబొమ్మలతో వద్దంటున్నాడు. తీయకపోతే ఈ ముసలాయన మళ్ళీ రెండు బస్సులెక్కి వెళ్ళిపోతాడు. కుర్చీ ఎలాగూ పోతుంది.

వంగి తీసింది.

"తాతా, ఇది నేను తప్పుగా వేసింది. తిప్పి దిద్దినాను, మళ్ళా తిప్పేది మరిచిపోయినాను. కొంచెం చూడు."

ఇందాకటి బొమ్మ మీదే దీన్ని పరిచింది. దొడ్డప్ప వంగాడు. ఈసారి లేవలేదు. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆయన ముఖంలో ఏమీ మారలేదు. ఆ ముఖం అలాంటిది. చేతి వేలు మాత్రం మచ్చ దగ్గరికి పోయి, కాగితానికి తగలకుండా ఆగింది.

"మునిలచ్చిమి" అన్నాడు.

భార్య పేరు పలకడం ఆ ఇంట్లో మగవాళ్ళకు అలవాటు లేదు. సుబ్రమణి తన తండ్రి నోట ఆ పేరు వినడం అదే మొదటిసారి. అతను బొమ్మను చూడడం మాని తండ్రిని చూశాడు.

ముందుగా తేరుకున్నది మంజే. "తప్పుగా పడింది పెద్దాయనా, మా పిల్ల కొత్త. దీన్ని లెక్కలోకి తీసుకోవద్దు."

"గమ్మున ఉండప్పా" అన్నాడు దొడ్డప్ప. "అమ్మాయీ, ఇది తిప్పితే ఇట్ల వచ్చిందా?"

"అవును తాతా."

"అట్లయితే ఆ పటాన్నే ఎవురో ముందే తిప్పినారు."

సుబ్రమణి తల ఊపాడు. "ఫోటోను ఎట్ల తిప్పుతారు నాయనా, అదేమన్నా దోసెనా?"

భువన అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చుంది. అసలు ఫోటో స్కాన్ తెరిచింది. అది పాల సొసైటీ కార్డు కోసం తీసినది. ఊరికి వచ్చిన ఒక ఫోటో ఆయన, ఆడవాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టి, వెనక గుడ్డ కట్టి తీశాడట. పైన మూలలో, గుడ్డ అయిపోయిన చోట, ఒక నల్లటి మరక ఉంది. భువన దాన్ని బూజు అనుకుంది. బొమ్మలో వేయలేదు. ఇప్పుడు ఆ మూలను పెద్దది చేసింది. మరక గీతలయింది. ఫోటోను తిప్పింది.

గీతలు అక్షరాలయ్యాయి. ఆమెకు తమిళం నిదానంగా వస్తుంది. శరవణన్ ఆమె భుజం మీదుగా వంగి ఒక్క చూపులో చదివేశాడు.

"పాల్. తమిళంలో పాల్ అని రాసుండాది. పాలు."

"సొసైటీ గోడ" అన్నాడు దొడ్డప్ప. "ఆ గోడ ముందర కుర్చీ వేసినారు. నేను ఆడనే ఉండినాను."

ఫోటో ఆయన నెగటివును తిరగేసి పెట్టి కడిగాడు. కార్డు అలాగే వచ్చింది. ఆమె పోయాక ఆ కార్డు ఫోటోనే పెద్దది చేయించి గోడకు తగిలించారు. పదకొండేళ్ళు ఒక మనిషి నిజం చెప్పాడు. ఇంటిల్లిపాదీ అతన్ని మతిమరుపు వాణ్ణి చేశారు.

సుబ్రమణి బెంచీ మీద కూలబడ్డాడు. "నాయనా..." అన్నాడు. తలెత్తాడు. "ఆ దినము నేను కూడా ఒక ఫోటో తీయించుకున్నాను కదా. నాది కూడా తిరగబడిందా అయితే?"

"నీ ముఖం ఎట్ల తిప్పినా అంతే" అన్నాడు దొడ్డప్ప.

శరవణన్ మెషిన్ వెనక్కి పోయి నవ్వుకున్నాడు. మంజు అక్కడే నవ్వాడు. సుబ్రమణికి కూడా నవ్వొచ్చింది. తిట్టించుకోవడం అతనికి అప్పుడు అవసరం.

దొడ్డప్ప కుర్చీ లాక్కుని భువన పక్కన కూర్చున్నాడు. ఆ అంగడిలో ఆయన కూర్చోవడం అదే మొదలు. భువన తిప్పిన బొమ్మను తెర మీదికి తెచ్చింది.

"ఇప్పుడు చెప్తాను, విను. ఎడమ కన్ను పెద్దదైంది. ఎండలో పని చేసి చేసి ఆ కన్ను ఇంత మూసేది. మూయి."

భువన మూసింది.

"అంత కాదు. నిద్రపోతా ఉండాదా ఆమె?"

కొంచెం తెరిచింది.

"ఆ. పెదవి కింద గీత ఎందుకు?"

"నీడ తాతా."

"నీడ కాదు, కోపం మాదిరి ఉండాది. ఆమెకు కోపం వస్తే పెదవి కాదు, ముక్కు కదిలేది. తీసెయ్."

తీసింది. ఇంటర్నెట్‌లో పది మంది చెప్పలేనిది ఈయన అయిదు నిమిషాల్లో చెబుతున్నాడు. ఆమెకు రాసుకోవాలనిపించింది. కానీ చేయి మౌసు మీద నుంచి తీస్తే ఆయన లేచిపోతాడేమోనని భయం.

"తప్పు గీస్తే ఏం చేస్తావు?" అని దొడ్డప్పే అడిగాడు.

"వెనక్కి పోవచ్చు తాతా. ఇరవై అడుగుల దాకా చెరిపేసుకోవచ్చు."

ఆయన ఆ తెరను చూశాడు. "ఇరవై చాలవు" అన్నాడు.

దిద్దిన బొమ్మను శరవణన్ ప్రింటు తీసి పరిచాడు. పన్నెండున్నరకు దొడ్డప్ప లేచాడు. తుండు దులిపి భుజాన వేసుకున్నాడు. మంజు ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

"చెవులు సరిగా రాలేదు" అన్నాడు దొడ్డప్ప. "మిగిలింది ఆమే. ఇంటికి తీసుకుపో సుబ్రమణి. నేనూ వస్తాను."

మంజు ఊపిరి వదిలాడు. "కుర్చీ నీదే భువనా" అని గొణిగాడు. భువన కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు.

దొడ్డప్ప గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"ఇంకొక బొమ్మ వెయ్యాల. మేమిద్దరం పెండ్లి పీటల మీద కూర్చున్నట్టు. డెబ్బైలో అయింది. అప్పుడు ఫోటో లేదు. ఉండినా నమ్మేవాణ్ణి కాను."

"ఆమె ముఖం తెలిసింది తాతా. చిన్న వయసుకు దిద్దుకుంటాను. మీ ముఖం ఎట్ల ఉండేది అప్పుడు?"

"ఇట్లనే. ముడతలు తీసెయ్. మీసం పెట్టు. పెద్ద మీసం." వేలితో బుగ్గ మీద గీసి చూపించాడు. "సుబ్రమణి పుట్టినాక కొండకు పోయి తీయించినాను. మళ్ళా పెంచలేదు."

"మీసం మొన తిరిగి ఉండేదా, కిందికా? అది చూసినవాళ్ళు ఎవురన్నా ఉండారా తాతా? ఈసారి తప్పు పోకూడదు."

దొడ్డప్ప వీధిలో పోయే బస్సును చూశాడు.

"ఒకామె ఉండాది. కాళమ్మ. మా ఇంటామె చెల్లెలు. కృష్ణగిరిలో."

సుబ్రమణి తల వంచుకున్నాడు. కాళమ్మ అతని చిన్నమ్మ. పదకొండో దినం పటం తగిలించినప్పుడు, ఇది మా అక్క కాదు అని అందరి ముందర అన్నది ఆమె. నీకు కూడా మతి పోయిందా, ఇంకోసారి ఈ గడప తొక్కవద్దని పంపించింది సుబ్రమణి. ఆమె తొక్కలేదు.

"నువ్వే పోతావు రేపు" అన్నాడు దొడ్డప్ప కొడుకుతో. "ఈ అమ్మాయిని పిలుచుకొని పో. బొమ్మ చూపించు. తర్వాత నోరు తెరువు."

ఆదివారం పది గంటలకు కృష్ణగిరి పాతపేటలో ఒక పెంకుటింటి ముందు సుబ్రమణి నిలబడ్డాడు. తలుపు తట్టడానికి అతనికి ధైర్యం లేదు. భువన తట్టింది.

చేటలో రాగులు పట్టుకునే తలుపు తీసింది కాళమ్మ. నలభై ఏడేళ్ళుంటాయి. సుబ్రమణిని చూసింది. చూడనట్టు భువన వైపు తిరిగింది.

"ఎవురమ్మా నువ్వు?"

"బొమ్మలు వేసే అమ్మాయిని. ఇది చూస్తారని వచ్చినాము."

భువన అరుగు మీద బొమ్మను పరిచి నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టింది. కాళమ్మ చేట దించింది. బొమ్మ ముందు గొంతుకూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మచ్చ దాని జాగాకు వచ్చింది" అంది. తర్వాత సుబ్రమణితో, "ఇప్పుడు కనబడిందా నీకు?"

"నేను తప్పు చేసినాను చిన్నమ్మా."

"తెలుసు. కాళ్ళు కడుక్కొని లోపలికి రా. ఎండలో నిలబడుకొని ఏడిస్తే వీధిలోవాళ్ళు నేను కొట్టినాననుకుంటారు."

మజ్జిగ ఇచ్చింది. భువన గ్లాసు కింద పెట్టి నోటుబుక్కు తెరిచింది. పెండ్లి పీటల బొమ్మ సంగతి చెప్పింది. దొడ్డప్ప చెప్పినట్టు పెద్ద మీసం ఒకటి పెన్సిలుతో గీసి చూపించింది.

"మొన పైకి తిరిగి ఉండేదా, కిందికా? మీకు జ్ఞాపకం ఉంటుందని తాత చెప్పినారు."

కాళమ్మ ఆ గీతను చూసింది. నవ్వబోయి ఆగింది.

"నాకు అప్పుడు పదేండ్లు. పీటల పక్కనే కూర్చోనుండినాను. మా బావకు మీసం యాడ ఉండింది? నున్నగా గీయించుకొని ఉండినాడు."

"మరి ఈ మీసం?" అన్నాడు సుబ్రమణి.

కాళమ్మ లేచి వీధి తలుపు మూసి వచ్చింది. గొంతు తగ్గించింది.

"మీ నాయన నీకు చెప్పలేదా? ఆ మీసం ఉండింది, ఆ పీటల మీద మా అక్క పక్కన ముందు పెండ్లికొడుకై కూర్చున్నాయనకు."